ఎవరి చేతుల బార?

ఈ మధ్య మా పాత విభాగంలో కొత్తగా చేరినవాళ్లు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "సార్, చెట్టెక్కే తాడు ఎంత పొడుగుది తీసుకోవాల?" అని. అంతమంది పెద్దలుండగా నన్నే ఎందుకు అడుగుతున్నారో నాకు తెలుసు. ఆ వీడియో ఇంకా ఎవరి ఫోనులోనో బతికే ఉంది. అందులో బొజ్జ ఉన్న ఒక పొట్టి మనిషి కొమ్మకూ నేలకూ మధ్య వేలాడుతూ, కాళ్లు ఆడిస్తూ, కింద ఉన్నవాళ్లను తిడుతూ ఉంటాడు. ఆ మనిషిని నేనే. కాబట్టి తాడు పొడవు గురించి మాట్లాడే అర్హత ఈ చుట్టుపక్కల నాకున్నంత ఇంకెవరికీ లేదు.

మాది చిన్న విభాగం. సత్యవేడు నుంచి తడ దాకా బడుల్లో, ఆసుపత్రుల్లో, ఆఫీసుల ఆవరణల్లో ఉండే పెద్ద చెట్ల బాగోగులు చూడడం మా పని. ఎండిన కొమ్మలు దించడం, తీగలకు తగిలేవి నరకడం, గోడల మీదికి వాలేవాటి బరువు తగ్గించడం. నేనూ మొదట చెట్టెక్కే పనివాడిగానే చేరాను. పదిహేనేళ్లు ఎక్కాను. తర్వాత సూపర్వైజరునై కుర్చీ ఎక్కాను. చెట్టు ఎక్కినవాడు దిగుతాడు గానీ కుర్చీ ఎక్కినవాడు అంత సులభంగా దిగడు. నా కథంతా అదే.

మా గ్యాంగులో చెట్టెక్కడంలో ఆరితేరినవాడు ఒకాయన ఉండేవాడు. నాకంటే ఐదేళ్లు పెద్ద. అందరూ పెద్దాయన అనేవారు. సత్యవేడు దగ్గర పల్లె. ఆరడుగులకు ఒక అంగుళం తక్కువ మనిషి, చేతులు మోకాళ్ల దాకా వచ్చేవి. మాట తక్కువ. నేను మొదటి రోజు చెట్టెక్కినప్పుడు నా కాలు పట్టుకుని కొమ్మ మీద పెట్టినవాడు ఆయనే. నేను సూపర్వైజరునైన మర్నాటి నుంచి ఒక్క రోజు తప్పకుండా నన్ను 'సార్' అన్నాడు. నేనూ వద్దనలేదు. వినడానికి బాగుండేది మరి!

పెద్దాయనకు అడుగులూ మీటర్లూ పట్టవు. అన్నీ బారల్లో చెప్పేవాడు. బార అంటే రెండు చేతులూ చాచితే ఈ చేతి వేలి కొస నుంచి ఆ చేతి వేలి కొస దాకా ఉన్నంత. బావి తాడైనా, ఎద్దుల పలుపైనా, చెట్టు తాడైనా ఆయనకు అదే లెక్క. ఇంకో అలవాటు కూడా ఉండేది. చెట్టు మీదికి తాడు వేసేముందు దాని వదులు కొసకు పిడికిలంత ముడి వేసేవాడు. ఎందుకని ఎవరైనా అడిగితే "ఉంటాదిలే అబ్బా, అదేం అన్నం అడగదు గదా" అనేవాడు.

నేను రిటైరవడానికి ఎనిమిదేళ్ల ముందు తిరుపతిలో మూడు రోజుల శిక్షణ అని నన్ను పంపారు. కొత్త రకం నైలాన్ తాళ్లు, నడుముకూ తొడలకూ బిగించుకునే పట్టీలు, తల మీద టోపీ. యాభై నాలుగేళ్ల వయసులో ఆ పట్టీలు బిగించుకుని అద్దంలో చూసుకుంటే నాకు నేనే ముచ్చటగా కనిపించాను. సర్టిఫికెట్ ఇచ్చారు. దానికి ఫ్రేము కట్టించి ఆఫీసులో నా కుర్చీ వెనక తగిలించాను. వచ్చినవాళ్లు చూడకపోతే కుర్చీ కొంచెం పక్కకు జరుపుకునేవాణ్ణి.

అదే వారం పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. చెట్టెక్కే పనిలో ఎవరిని ఉంచవచ్చు, ఎవరిని వేరే పనికి మార్చవచ్చు, మీ అభిప్రాయం రాయండి అని. నేను పెద్దాయన గురించి ఏం రాశానో ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. 'వయసు పైబడినది. పాత పద్ధతులు వదలడు. తాడు కొసకు ముళ్లు వేస్తూ పని ఆలస్యం చేయును. ఇతనిని నర్సరీలో మొక్కలకు నీళ్లు పోయు పనికి మార్చవచ్చును.' నన్ను చెట్టెక్కించిన మనిషిని గురించి ఇలా రాసి, కింద ఆకుపచ్చ ఇంకుతో సంతకం పెట్టి, టైపు చేయమని గుమాస్తాకిచ్చాను. పంపడం మాత్రం సోమవారం చూద్దామనుకున్నాను.

ఆ శుక్రవారమే తడ వైపు ఒక హైస్కూలు నుంచి ఫోన్ వచ్చింది. బడి ఆవరణలో పెద్ద నిద్రగన్నేరు చెట్టు. దాని కొమ్మ ఒకటి నిలువునా ఎండిపోయి ఏడో తరగతి రేకుల షెడ్డు మీదికి వాలి ఉంది. వాయుగుండాలు పట్టే నెల. "గాలి కొడితే కొమ్మ నేరుగా పిల్లోళ్ల మింద పడతాది సార్, నాకు నిద్ర పట్టడంలే" అంది హెడ్‌మాస్టరమ్మ. ఆమె గొంతు వింటే నిజంగానే నిద్ర పట్టడం లేదని తెలిసింది. మర్నాడు ఉదయమే ట్రాక్టరు, నిచ్చెన, కొత్త నైలాన్ తాడు చుట్ట వేసుకుని పోయాము.

పెద్దాయన చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తల ఎత్తి చూశాడు, బెరడు మీద చెయ్యి పెట్టాడు. రెండు కొమ్మలు చీలే చోటును మేము పంగ అంటాం. తాడును పంగ మీదుగా వేసుకునే దిగుతాం. ఆయన వేలు పెట్టి చూపించాడు.

"ఆ కింది పంగ మింద తాడు ఏసుకుందాం సార్. ఇరవై బారలు కావాల. పై పంగ మనకొద్దు."

"ఇరవై ఎందుకప్పా? చెట్టే అంత లేదే."

"పొయ్యేదానికి ఒక పక్క, వచ్చేదానికి ఒక పక్క సార్. రెండింతలు. దాని మింద ముడికీ నడుముకీ కొంచెం. నేను కొలుస్తా, ఇయ్యండి."

"ఏం, నాకు చేతుల్లేవా?"

"ఉండాయి సార్. ఉండాయి గానీ…" అని ఆగిపోయాడు.

ఆ 'గానీ' తర్వాత ఏముందో నేను ఆలోచించలేదు. మనిషి ఎంత ఎత్తో అతని బార ఇంచుమించు అంతే ఉంటుంది. నేను ఐదడుగుల రెండంగుళాలు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఐదు మూడని రాయించుకున్నాను, అది వేరే సంగతి. ఆయన బారకూ నా బారకూ తొమ్మిదంగుళాలు తేడా. ఇరవై బారలకు పదిహేనడుగులు. ఈ లెక్క నాకు రాదా అంటే వస్తుంది. నాలుగో తరగతి పిల్లవాడికి కూడా వస్తుంది. కానీ సర్టిఫికెట్ ఉన్నవాడు నాలుగో తరగతి లెక్క ఎందుకు చేస్తాడు? నేను ఛాతీ విరుచుకుని, చేతులు చాచి, పైకి వినబడేట్టు ఒకటీ రెండూ అని లెక్కపెడుతూ ఇరవై బారలు కొలిచి కత్తితో కోసేశాను. టేపు నా జేబులోనే ఉంది. అదీ తీయలేదు.

ఎక్కవలసింది పెద్దాయనే. పట్టీలు ఆయనకు తొడిగించబోతుంటే హెడ్‌మాస్టరమ్మ మెల్లగా అడిగింది: "ఈయన ఎక్కతాడా సార్? పెద్దోడు మాదిరి ఉండాడే." ఆ మాట నాకు భలే నచ్చింది. నేను రాసిన కాగితానికి సాక్ష్యం దొరికినట్టయింది. "లేదమ్మా, నేనే ఎక్కుతా. ఇప్పుడంతా కొత్త పద్ధతి" అన్నాను. మా గ్యాంగు మొత్తం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను చెట్టెక్కి అప్పటికి పదకొండేళ్లయింది.

పట్టీలు బిగించుకుంటుంటే పెద్దాయన తాడు కొసకు ఎప్పటిలాగే ముడి వేస్తున్నాడు. నాకు మండుకొచ్చింది.

"ఇప్పెయ్యప్పా అది! తాడు లాగేటప్పుడు రెమ్మల్లో ఇరుక్కుంటాది."

"దిగినాక ఇప్పుకుందాం సార్. అది ఉంటే నాకు ధైర్నంగా ఉంటాది."

"ఎక్కేది నేనా, నువ్వా? ఇప్పు."

ఆయన విప్పేశాడు. నేను నిలబడి చూశాను, పూర్తిగా విప్పాడా లేదా అని.

నిచ్చెన వేసుకుని మొదటి కొమ్మ దాకా పోయాను. అక్కడి నుంచి కొమ్మ కొమ్మకూ నడుముతాడు మార్చుకుంటూ, ఆయాసపడుతూ, ఆయాసం కిందికి కనబడకుండా మధ్యమధ్యలో చెట్టును పరీక్షిస్తున్నట్టు నటిస్తూ, కింది పంగ చేరాను. అక్కడ తాడు వేసుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. కిందికి చూశాను. పిల్లల్ని వరండాలో వరసగా కూర్చోబెట్టారు. హెడ్‌మాస్టరమ్మ ఫోను ఎత్తి వీడియో తీస్తోంది. నేను ఇంకో పంగ పైకి పోయాను. పది పన్నెండడుగులు ఎక్కువ.

అక్కడ తాడు వేసుకున్నాను. ఒక కొస నడుము పట్టీకి కట్టి, తాడును పంగ మీదుగా అవతలికి వేసి, అవతలి తాడుకు పట్టీ నుంచి చిన్న తాడుతో చుట్లు వేసుకోవాలి. బరువు పడితే ఆ చుట్లు బిగుసుకుంటాయి, చేత్తో నొక్కితే జారతాయి. అలా జార్చుకుంటూ దిగుతాం. మిగిలిన తాడు వదులుగా కిందికి వేలాడుతుంది. దాన్ని కిందికి వదిలాను. నేల మీద పడి కుప్పగా చుట్టుకుంది. ముప్పై అడుగులకు పైనే ఉంటుంది. నాకు గర్వం ఆగలేదు.

"సూసినావా! ఇంత తాడు మిగిలింది. నువ్వేమో ఇరవై బారలంటివి!"

"అది మిగిలిండేది కాదు సార్! దిగేటప్పుడు పట్టే తాడు!" అని కింద నుంచి పెద్దాయన అరిచాడు. నేను చెయ్యి ఊపాను. అది విన్నాననే సైగ కాదు, చాల్లే అనే సైగ.

షెడ్డు వైపు కొమ్మ మీదికి జరిగి రెండు చిన్న ఎండు రెమ్మలు కోశాను. రంపం పదిసార్లు లాగేసరికి చేతులు పడిపోయాయి. అసలు కొమ్మ తొడంత లావుంది. 'దీనికి వేరే రంపం కావాలి, దిగి తెచ్చుకుందాం' అని నాకు నేనే చెప్పుకున్నాను. వేరే మనిషి కావాలి అని చెప్పుకోవడానికి ఇంకా సిద్ధంగా లేను. దిగడం మాత్రం దర్జాగా దిగుదామని, కొమ్మల మధ్య నుంచి కాకుండా ఖాళీ గాలిలోకి జారాను. వరండాలో పిల్లలు చప్పట్లు కొట్టారు.

చాలాసేపు బాగానే ఉంది. సగం దాటాక, నేల మీది తాడు కుప్ప తగ్గి తగ్గి, కొస నేల విడిచి పైకి లేచిందట. నేను దిగుతుంటే తాడు కొస నాకెదురు ఎక్కుతోంది. కింద ఉన్నవాళ్లందరికీ అది కనిపిస్తోంది. నాకు కనిపించలేదు, నేను ఫోను వైపు చూస్తున్నాను. "సార్, సార్!" అని అరుస్తున్నారు. మెచ్చుకుంటున్నారనుకున్నాను.

ఉన్నట్టుండి ఆగిపోయాను. చుట్లు జారడం లేదు. చూస్తే, నా చేతి కిందనే, తాడులో పిడికిలంత ముడి. విప్పించిన ముడి! చుట్లకు అడ్డంగా ఇరుక్కుని కూర్చుంది. ఆ క్షణంలో నా బుర్రలోకి వచ్చిన ఆలోచన ఒక్కటే: సూపర్వైజరు మాటంటే లెక్కలేదు వీళ్లకు.

"ఎవడ్రా ఈ ముడి ఏసింది? ఇప్పమంటి గదా! సూడు, ఇరుక్కునె!"

"ముడి ముట్టుకోవద్దు సార్!" పెద్దాయన గొంతు.

"నువ్వు నోరు మూసుకో! నీ ముళ్లతోనే వచ్చింది తంటా!"

ఎడమ చేత్తో పై తాడు పట్టుకుని ఒళ్లు కొంచెం పైకి లాక్కున్నాను. కుడి చేతి గోళ్లతో ముడి విప్పడం మొదలుపెట్టాను. వీడియోలో ఇదంతా స్పష్టంగా ఉంటుంది. కాళ్లు గాలిలో తన్నుకుంటుంటాయి, నోరు తిడుతుంటుంది, చెయ్యి ముడి విప్పుతుంటుంది. ముడిలో మొదటి మెలిక వదులైంది. అప్పుడు వచ్చింది కింద నుంచి ఒక కేక.

"రేయ్! చెయ్యి తియ్‌రా! తాడు అయిపోయిండాది రా! కిందికి సూడ్రా!"

నా సర్వీసులో నన్ను 'రేయ్' అన్న కింది ఉద్యోగి పెద్దాయనొక్కడే. ఎవడ్రా వీడు అని కోపంగా కిందికి చూశాను. అలా చూడడం వల్లే బతికాను. నా కాళ్లకూ నేలకూ మధ్య పన్నెండడుగులు ఖాళీ. సరిగ్గా కింద జెండా దిమ్మె, మూడు మెట్ల సిమెంటు అంచులతో. చేతిలో ఉన్న ముడి తర్వాత జానెడు తాడుంది, అంతే. ఆ తర్వాత గాలి. ఆ ముడి లేకపోయినా, దానిలో ఇంకొక మెలిక విప్పినా, చుట్లు తాడు కొస దాటి జారిపోయేవి. నేను దిమ్మె మీద ఉండేవాణ్ణి.

ముడి మీద నుంచి చెయ్యి తీశాను. ఏడుపొచ్చింది. పిల్లలున్నారని ఆపుకున్నాను గానీ పూర్తిగా ఆగలేదు. వీడియోలో అది చెమట అనుకుంటారు, అంతవరకు నా అదృష్టం.

నిచ్చెన తెచ్చారు. గాలిలో వేలాడే మనిషికి నిచ్చెన దేనికి ఆనిస్తారు? నాకే ఆనించబోయారు. నేను గిర్రున తిరిగాను. పెద్దాయనే ట్రాక్టరును వెనక్కి పెట్టించి, ముందు రోజు పనిలో కోసిన మండలతో నిండి ఉన్న తొట్టిని దిమ్మెకు ఆనించి పెట్టించాడు. దాని మీదికెక్కి నిలబడి, నా రెండు కాళ్లూ పట్టుకుని తన వైపు లాక్కుని భుజాల మీద పెట్టుకున్నాడు. "బరువు నా మింద ఎయ్యి సార్. ఇప్పుడు ఇప్పుకో ముడి" అన్నాడు. మళ్లీ సార్. ముడి నా వల్ల కాలేదు, ఆయనే చెయ్యి పైకి చాచి పట్టీ కొక్కెం తీసి నన్ను మండల మీదికి దించాడు. మండల నిండా ఎర్రచీమలు. అవి చేసిన మర్యాద సంగతి ఇక్కడ రాయను.

మంచినీళ్లు తాగాక అడిగాను. "ఇప్పినావు గదప్పా, నేను సూస్తానే ఉంటిని. మళ్లీ ఎప్పుడు ఏసినావు?"

"సార్ చెప్పినాడని ఇప్పినాను. సార్ పై పంగకి పోయినాడని మళ్లీ ఏసినాను" అన్నాడు. తాడు చుట్ట చుడుతూ, "కోపంలో రేయ్ అనేస్తిని సార్. మనసులో పెట్టుకోవద్దండి" అన్నాడు.

నేను థాంక్స్ చెప్పానా? లేదు. "పర్వాలేదులే" అన్నాను! ఆయన తప్పును నేను క్షమించినట్టు. ఈ వయసులో కూడా ఆ 'పర్వాలేదులే' గుర్తొస్తే దుప్పటి తల మీదికి లాక్కుంటాను.

తిరిగి వస్తుంటే సత్యవేడు దారిలో టీ కొట్టు దగ్గర ఆగాము. గ్లాసు చేతిలో తిప్పుతూ పెద్దాయన, నా మొహం చూడకుండా, మామూలుగా అన్నాడు: "నన్ను నీళ్లు పోసే పనికి పొమ్మని రాసినారంట గదా సార్. గుమాస్తా చెప్పినాడు. సరే, అది గూడా మంచి పనే. చెట్లు గూడా ముందు మొక్కలే గదా."

టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. "ఎప్పుడు చెప్పినాడు?"

"నిన్న సాయంత్రం."

"అంటే… తెలిసిండి గూడా ఆ ముడి ఏసినావా?"

ఆయన నిజంగా అర్థం కానట్టు చూశాడు. "దానికీ దీనికీ ఏం సమ్మందం సార్?"

సోమవారం ఆ కాగితం చింపేశాను. ఇంకోటి రాశాను. 'తాడు కొసకు ముడి వేయనివారిని చెట్టు ఎక్కనీయరాదు' అని. ఆ నియమం ప్రకారం మా విభాగంలో అనర్హుడు ఒక్కడే, దాని కింద సంతకం పెట్టినవాడు. ఆ సోమవారమే, తిరుపతిలో ఇచ్చిన శిక్షణ పుస్తకం కూడా మొదటిసారి తెరిచాను. మూడో పేజీలోనే బొమ్మ ఉంది: తాడు కొస, దానికి పిడికిలంత ముడి. ఆ పాఠం రెండో రోజు మధ్యాహ్నం, భోజనాల తర్వాత చెప్పారట. పెరుగన్నం బాగుందని రెండోసారి పెట్టించుకున్నది నాకు జ్ఞాపకం ఉంది. పాఠం జ్ఞాపకం లేదు.

ఆ ఎండు కొమ్మను మంగళవారం పెద్దాయనే దించాడు. తన చేతులతో ఇరవై బారలు కొలుచుకుని, కింది పంగ మీద తాడు వేసుకుని, రేకుల షెడ్డు మీద ఒక్క పుల్ల పడకుండా ముక్కలు ముక్కలుగా దించాడు. గురువారం గాలీ వానా వచ్చాయి. హెడ్‌మాస్టరమ్మ ఫోన్ చేసి, రాత్రి బాగా నిద్ర పట్టిందని చెప్పింది.

ఇక మీ ప్రశ్న. తాడు ఎంత కావాలి? తాడు వేసుకునే పంగ ఎంత ఎత్తో దానికి రెండింతలు, దాని మీద ముడికీ నడుముకీ మరో పదిహేనడుగులు. కింది పంగ మీద వేసుకుందామనుకున్నా పై పంగకే కొలవండి, ఎందుకంటే ఎవరో ఒకరు ఫోను ఎత్తుతారు. కింద కుప్పగా పడిన తాడును చూసి మురిసిపోకండి. టేపుతో కొలవండి. టేపు లేకపోతే, బార అని చెప్పిన మనిషి చేతులతోనే కొలిపించండి. కొస ముడి సంగతి మళ్లీ చెప్పనక్కర్లేదు.

పోయిన ఏడు నేను రిటైరయ్యాను. సభలో దండలు వేసి, నన్ను క్రమశిక్షణ గల అధికారి అన్నారు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి పెద్దాయన పల్లెకు పోయాను. ఆయన అప్పటికే పని మానుకుని ఐదేళ్లు. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని మేక పలుపుకు ముడి వేస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "రాండి సార్" అన్నాడు.

దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ మర్చిపోయాను. ఎనిమిదేళ్లు ఆలస్యంగా ఆయన చేతులు పట్టుకున్నాను. "ఆ రోజు నువ్వు లేకపోతే నేను లేనన్నా" అన్నాను. ఈసారి ఏడుపు ఆపుకోలేదు. ఆయన ఇబ్బంది పడి, మేకను పక్కకు తోలి, నన్ను అరుగు మీద కూర్చోబెట్టాడు.

"ఇంగ నేను సార్‌ను కాదన్నా. నిన్నటితో అయిపోయింది. ఇంగొక్కసారి నన్ను రేయ్ అను" అన్నాను.

పెద్దాయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. నా బొజ్జ దగ్గర కొంచెంసేపు ఆగాడు.

"మళ్లీ చెట్టెక్కు సార్" అన్నాడు. "అప్పుడంటా."